ఒక సీసా, పదహారు పేర్లు

డిటెక్టివ్ గదిలోకి వచ్చిన నర్సు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాడైన టీకా వేశానంటున్నారు సార్. మా పేటలో ఆరుగురు పిల్లలకి తట్టు పోసింది. ఒక పాపకి చెవులు పోయాయి. ఆరుగురికీ ఒకే రోజు టీకా వేసినట్టు కంప్యూటర్లో ఉంది. ఉద్యోగం పోతే పోనీ, నా చేత్తోనే ఆ పాపకి..." మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది.

"తల్లులేమంటున్నారు?"

"ఏవో సూదులు వేయించాం, ఏది ఎప్పుడో తెలీదంటున్నారు. నాకూ అందరి మొహాలూ గుర్తుండవు సార్. తూకం వేయందే మాత్రం ఎవరికీ సూది వెయ్యను."

మధ్యాహ్నానికల్లా డిటెక్టివ్, అసిస్టెంట్ ఆరోగ్యకేంద్రంలో ఉన్నారు. ఫ్రిజ్ బాగానే ఉంది. నర్సు చీటీల మీద రాసిచ్చిన వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాక ఆ చీటీలు చించేస్తారట. ఇక ఏం తేలుతుందని అసిస్టెంట్ ఉసూరుమన్నాడు. డిటెక్టివ్ మాత్రం ఆ రోజు జాబితానూ స్టాకు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. జాబితాలో పదహారు పేర్లు. ఆ ఆరుగురికీ బరువు గడి ఖాళీ. విప్పిన సీసా ఒక్కటే.

"సీసా ఎంతమందికి వస్తుంది?"

"పదిమందికి," అన్నాడు అక్కడి డాక్టరు.

అసిస్టెంట్‌కి ఎగిరి గంతేయాలనిపించింది. తన గురువుగారి మొహం చూసి తమాయించుకున్నాడు.

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. "టీకా పాడవలేదు. ఆ ఆరుగురూ ఆ రోజు రానే లేదు. వచ్చుంటే నర్సమ్మ తూచేది, రెండో సీసా విప్పేది. పేర్లు ఎక్కించేది ఒక్కరే," అంటూ కంప్యూటర్ ఆపరేటర్ వైపు తిరిగాడు. "ఎందుకమ్మా?"

ఆ అమ్మాయి బుకాయించలేదు. "రాని పిల్లల పేర్లు ఎర్రగా పడతాయి సార్. ఐదు దాటితే నర్సక్కకి మెమో. అప్పటికే రెండొచ్చాయి, మూడోదొస్తే తీసేస్తారు. వచ్చే నెల ఎలాగూ వస్తారులే అని వేసినట్టు నొక్కేశాను. నీ మంచికేనక్కా."

ఒకసారి వేసినట్టు నమోదైతే ఆ పేరు మళ్లీ రావాల్సిన పిల్లల జాబితాలోకి రాదని ఆమెకు తోచలేదు. నిజం తేలినందుకు అసిస్టెంట్‌కి ఏమాత్రం సంతోషం కలగలేదు. ఈ గదిలో చెడ్డవాళ్లెవరైనా ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

నర్సు ఆ అమ్మాయిని తిట్టలేదు.

"ఎర్రగా ఉన్న పేర్లు పట్టుకునే కదే, మర్నాడు ఇంటింటికీ తిరుగుతాను. ఆ పాప ఇల్లు ఇక్కడికి నాలుగడుగులు."