అమ్మమ్మకి ఎడమ పక్క

"అబ్బా, మళ్ళీ అన్నీ అటే పెట్టేశారు!"

స్కూలు బ్యాగు ఇంకా దింపనేలేదు, తుర్రు విసుక్కుంది. ఆ పదేళ్ళ పిల్లకి అసలు పేరు వేరే ఉంది. కానీ ఎక్కడా నిమిషం నిలవకుండా తుర్రుమంటుంది కదా, అందుకే ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తారు.

మెదడు, నరాల వార్డులో కిటికీ పక్క మంచం అమ్మమ్మది. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయి రెండు వారాల క్రితం కింద పడిపోయింది. ఇప్పుడు గండం గడిచింది. కబుర్లూ కోపాలూ అన్నీ మామూలే. ఎడమ చెయ్యి మాత్రం ఇంకా సరిగ్గా లేవడం లేదు.

ఇంకో వింత కూడా ఉంది. ఎడమవైపు ఏమున్నా అమ్మమ్మకి లేనట్టే! పళ్ళెంలో కుడివైపు బ్రెడ్డు తినేస్తుంది, ఎడమవైపు గుడ్డు అలాగే ఉంటుంది. "గుడ్డు పెట్టలేదేం?" అని నర్సుతో పోట్లాట.

అమ్మ మందులు తేవడానికి వెళ్ళింది. తుర్రు చకచకా రేడియో, కళ్ళజోడు, కుర్చీ అన్నీ కుడివైపుకి మార్చేసింది. గుడ్డు కుడివైపుకి వచ్చేలా పళ్ళేన్ని గిర్రున తిప్పింది. మూడు రోజులుగా ఇదే పని.

"నా బంగారు తల్లే! ఇక్కడ బుర్ర ఉన్నది నీకొక్కదానికే," అంది అమ్మమ్మ. తుర్రు పొంగిపోయింది.

ఇంతలో అమ్మా, రోజూ కసరత్తులు చేయించే థెరపిస్టు ఆంటీ కలిసి వచ్చారు. ఆంటీ కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంది. అమ్మమ్మ శ్రద్ధగా వేసింది. పన్నెండు అంకెలూ కుడివైపే కిక్కిరిసిపోయాయి. ఎడమవైపంతా ఖాళీ.

ఆంటీ మొహం వాడిపోయింది. అమ్మని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "పోయిన వారం బాగానే తిరిగి చూశారండీ. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. శనివారం పెద్ద డాక్టరుగారు చూస్తారు. తనంతట తాను ఎడమవైపు చూసుకోగలిగితే ఇంటికి పంపిస్తారు. లేదంటే ఇంకో రెండు వారాలు ఇక్కడే."

తుర్రు ఊరుకుంటుందా? మధ్యలో దూరింది. "మరి మీ నర్సులు అన్నీ ఆ వైపే పెడితే అమ్మమ్మకి ఎలా కనిపిస్తాయి?"

"కళ్ళు బాగానే ఉన్నాయి తల్లీ. ఎడమవైపు అనేది ఒకటుందని మెదడు మర్చిపోయింది. అందుకే అమ్మమ్మకి ఇష్టమైనవన్నీ అటు పెడతాం. వెతుక్కుంటూ వెతుక్కుంటూ మళ్ళీ నేర్చుకుంటుంది. కానీ ఎవరో రోజూ మార్చేస్తున్నారు!"

తుర్రు గుండె గుభేలుమంది. తుర్రుమందామా అనిపించింది కూడా.

"నేనే... నేనే ఆంటీ. పాపం అనిపించి..."

ఆంటీ కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత పకపకా నవ్వేసింది. "ఓహో, ఈ వార్డు దెయ్యానివి నువ్వేనా! పాపం మా నర్సుతో మూడు రోజులుగా పోట్లాడుతున్నాను!"

తుర్రు నవ్వలేదు. రేడియో అటు పెట్టింది. కళ్ళజోడు అటు పెట్టింది. కుర్చీ లాక్కుని ఎడమవైపు కూర్చుంది. అమ్మమ్మ చల్లని ఎడమ చేతిని పట్టుకుంది.

"తుర్రూ? ఏదే? వెళ్ళిపోయిందా?"

"ఇక్కడే ఉన్నా అమ్మమ్మా!"

అమ్మమ్మ కుడివైపు చూసింది. తలుపు వైపు చూసింది. మంచం కిందకి కూడా వంగబోయింది!

"ముసలిదానితో దాగుడుమూతలేంటే?" అమ్మమ్మ గొంతు వణికింది.

అమ్మ దగ్గరికి రాబోయింది. తుర్రు వద్దని తల ఊపింది. తనకీ కాళ్ళు ఆగడం లేదు. ఒక్క ఉరుకులో కుడివైపు వెళ్ళిపోవచ్చు. కానీ కుర్చీ కాళ్ళకి తన కాళ్ళు మెలిపెట్టి గట్టిగా కూర్చుంది. అమ్మమ్మ చేతిని ఇంకోసారి నొక్కింది.

అమ్మమ్మ మెడ కొంచెం కదిలింది. ఇంకొంచెం...

"ఓసి నీ తెలివి! ఇక్కడున్నావా? అదేంటే, ఒక్క జడే వేసుకున్నావు?"

"ఇంకా ఇటు చూడు అమ్మమ్మా!"

"ఆ... ఆ... రెండోది కూడా ఉందే!"

వార్డంతా నవ్వులు. పక్క మంచం తాతగారు చప్పట్లు కూడా కొట్టారు.

గురువారమూ అంతే. శుక్రవారమూ అంతే. శనివారం పెద్ద డాక్టరుగారు చప్పుడు చెయ్యకుండా వచ్చి ఎడమవైపు నిలబడ్డారు. కాసేపటికి అమ్మమ్మ తల తిప్పి చూసింది. "కూర్చోండి బాబూ, కాళ్ళు నొప్పెడతాయి," అంది. ఇంక కాగితాల మీద సంతకం పెట్టక ఏం చేస్తారాయన?

ఇంటికి వెళ్ళడానికి కారు వచ్చింది. అమ్మమ్మని జాగ్రత్తగా ఎక్కించారు. తుర్రు అటువైపు నుంచి పరిగెత్తుకొచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చుంది. పిలవలేదు. చెయ్యి పట్టుకోలేదు. కిక్కురుమనకుండా ఎదురుచూసింది.

కారు మలుపు తిరిగింది. అమ్మమ్మ మెడ కూడా తిరిగింది.

"ఏమే, సీటు బెల్టు ఎవరు పెట్టుకుంటారు, మీ తాతా?"