తలెత్తితే అయిపోయే పాట

మెట్ల మలుపులో ఆర్గన్ ఇరుక్కుపోయింది. పైకి పోదు, కిందకి రాదు. అది మామూలు వాయిద్యం కాదు. ఏనుగు ఎదురొచ్చినా "నువ్వే ముందు వెళ్ళక్కా" అని పక్కకి తప్పుకునేంత సైజు.

దానికి కింద వైపు దాని ఓనరు, వాషింగ్ మెషిన్లు రిపేరు చేసే కుర్రాడు. పై వైపు ఒకమ్మాయి. భుజానికో డ్రమ్ము, చంకలో ఇంకో డ్రమ్ము, పళ్ళ మధ్య రెండు స్టిక్స్.

"ఏమండీ, కాస్త తప్పుకుంటారా? నాకు ప్రోగ్రాం ఉంది," అంది స్టిక్స్ చేతిలోకి తీసుకుని.

"తప్పుకోవాల్సింది నేను కాదండీ. ఇది."

"అయితే దానికి చెప్పండి."

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నా. నా మాటంటే లెక్కలేదు."

ఆ అమ్మాయి ఉసూరుమంటూ మెట్టు మీద కూలబడింది. చేతులు ఊరుకోక ఆర్గన్ మూత మీద దరువు మొదలెట్టింది. అతను విన్నాడు. గుండె ఒకసారి ఆగి, చుట్టూ చూసుకుని, మళ్ళీ పనిలో పడింది.

"మీరు... ఏడు దెబ్బల తాళం కొడుతున్నారు!"

"నాలుగు అందరూ కొడతారుగా. బోర్."

"కొంపదీసి మీరు డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వింటారా?"

"వినడమా! పాట మొదలైనప్పుడు బట్టలు ఉతకడం మొదలెడితే, పాట అయ్యేసరికి ఆరిపోయి, ఇస్త్రీ కూడా అయిపోవాలి. అదీ పాటంటే!"

అలాంటి పిచ్చి ప్రపంచంలో తనొక్కడికే ఉందని అతను ఇన్నాళ్ళూ దిగులుపడ్డాడు. ఆమె కూడా అదే దిగులు పడిందట. నలుగురు హమాలీలు వచ్చి ఆర్గన్ని ఊడబెరికేసరికి ఆమె ప్రోగ్రాం అయిపోయింది. ఇద్దరు మనుషుల బ్యాండ్ ఒకటి పుట్టింది.

రిపేరు షాపు వెనక గదిలో ప్రాక్టీసు. ఆ పాతకాలం ఆర్గన్‌కి గిర్రున తిరిగే స్పీకర్ ఉంటేనే ఆ సుడిగాలి లాంటి సౌండ్ వస్తుంది. కొనే తాహతు ఎక్కడుంది? అతను ఒక వాషింగ్ మెషిన్ మోటారు బిగించి స్పీకర్ని తిప్పేశాడు. స్పిన్‌లో పెడితే వీధిలో కుక్కలు కూడా కళ్ళు తిరిగి కూర్చునేవి.

"ఒరేయ్ వాషింగ్ మెషినూ, స్పీడ్ తగ్గించు!" అని అరిచేది ఆమె. అతను ఆమెకి పెట్టిన పేరు పిడుగు. అప్పటికి 'అండీ'లు ఎగిరిపోయాయి. ఆమె పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. అక్కడ ముద్రలు కూడా ఏడు దెబ్బల తాళంలోనే వేసేది. కొన్ని పార్సిళ్ళు అదే ఊపులో పక్క దేశాలకి వెళ్ళిపోయాయని అంటారు.

ఇద్దరే కదా, పని మాత్రం ఐదుగురిది. అతను చేతులతో ఆర్గన్, కాళ్ళతో బేస్, నోటితో పాట. ఆమెకి రెండు చేతులూ రెండు కాళ్ళూ చాలవు. ఇక సైగ చెయ్యడానికి ఖాళీగా మిగిలింది ఆమె ఎడమ కనుబొమ్మ. అది లేస్తే పాట తర్వాతి భాగంలోకి వెళ్ళాలి. లేవకపోతే అక్కడే తిరగాలి.

అతను ఆ కనుబొమ్మ వైపే చూస్తూ గంటలు గడిపేసేవాడు. డ్యూటీ అని తనకి తాను చెప్పుకునేవాడు.

ఇంతలో ఒక పెద్ద బ్యాండ్ వాళ్ళు పిడుగుని అడిగారు. మూడు నిమిషాల పాటలు, ఊరూరా జనం. ఏడాదంతా టూర్.

"రమ్మంటున్నారు. రేపు మన షో చూడ్డానికి వస్తారట, అది అవగానే వస్తానో రానో చెప్పాలి," అంది, అతని మొహంలోకి చూస్తూ.

అతనికి కాళ్ళ కింద బేస్ పెడల్స్ జారిపోయాయి. అయినా త్యాగమూర్తిలా మొహం పెట్టాడు. "మంచి ఛాన్స్. వెళ్ళు."

"అంతేనా?"

"అంతే. కంగ్రాట్స్."

ఆమె స్టిక్స్ బ్యాగులో విసిరికొట్టి వెళ్ళిపోయింది. ఎందుకంత కోపమో అతనికి బోధపడలేదు. మోటార్ల విషయంలో తప్ప అతని బుర్ర అంత చురుకైంది కాదు.

మర్నాడు సాయంత్రం షో. హాలు నిండింది. ముందు వరసలో పిడుగు వాళ్ళమ్మ. ఆవిడ సిటీ బస్సులో కండక్టర్. పాట మొదలైంది. దారి తప్పిన తోకచుక్క కథ. తుఫాను వచ్చింది, నక్షత్రాలు రాలాయి, స్పీకర్ గిర్రున తిరిగింది. జనం నోళ్ళు తెరిచారు. చివరి భాగం ముందు ఏడు దెబ్బల ముక్క దగ్గరికి వచ్చారు.

ఆమె కనుబొమ్మ లేచింది.

అతను తల దించుకున్నాడు.

ముక్క మళ్ళీ తిరిగింది. రెండు కనుబొమ్మలూ లేచాయి. అతను ఆర్గన్ మీటల్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. ముక్క తిరుగుతూనే ఉంది. జనానికి పూనకం వచ్చింది, ఇదంతా కావాలని చేస్తున్నారనుకుని లేచి ఊగుతున్నారు.

"ఇటు చూడు!" పిడుగు అరిచింది.

"చూడను!"

"ఏం రోగం?"

"చూస్తే పాట అయిపోతుంది!"

"అయిపోతే?"

"నువ్వు వెళ్ళిపోతావ్!"

అతని నోటి ముందు మైకు ఉంది. హాలంతా వినేసింది.

"నువ్వేగా వెళ్ళమన్నావ్, మొద్దూ!"

"అబద్ధం చెప్పా! వెళ్ళకు! నువ్వు లేకపోతే నాకు నాలుగు కూడా లెక్కపెట్టడం రాదు! నువ్వంటే నాకు... మెట్ల మీద ఇరుక్కున్నప్పట్నుంచీ ఇష్టం!"

ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. కిక్కిరిసిన బస్సుల్ని ముందుకి జరిపిన గొంతు. దాని ముందు ఆర్గన్ చిన్నబోయింది.

"ఒరేయ్ అబ్బాయ్! తలెత్తి చూడరా! మా పిల్ల చేతులు పడిపోతున్నాయి!"

అతను తలెత్తాడు. పిడుగు చెమటతో తడిసి, జుట్టు మొహానికి అంటుకుపోయి, కొట్టడం ఆపకుండానే నవ్వుతోంది.

"ఈ మాట నిన్న చెబితే ఏం పోయేది?" అంది.

"వెళ్ళవుగా?"

"మూడు నిమిషాల్లో నాకు చేతులే వేడెక్కవు. ఎక్కడికెళ్తాను?"

అప్పుడు మళ్ళీ లేచింది కనుబొమ్మ. తోకచుక్క ఇల్లు చేరింది. ఆఖరి శ్రుతి మీద అతను పది వేళ్ళూ, రెండు కాళ్ళూ పెట్టాడు, కుదిరితే గడ్డం కూడా పెట్టేవాడే. జనం చప్పట్లకి సీలింగ్ ఫ్యాన్లు వెనక్కి తిరిగాయని చూసినవాళ్ళు చెబుతారు.

తెర వెనక ఇద్దరూ ఏం మాట్లాడాలో తెలియక వైర్లు చుడుతున్నారు. ఒకే వైరుని చెరో పక్క నుంచి చుట్టుకుంటూ వచ్చి ముక్కులు తగిలేంత దగ్గర ఆగారు. సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ లోపలికి వచ్చింది.

"ఊ. ఇంటికెప్పుడొస్తావ్ బాబూ, మా ఆయనతో మాట్లాడ్డానికి?"

"రే... రేపే ఆంటీ!"

"ఒక్క షరతు. పెళ్ళిలో మీరిద్దరూ వాయించడానికి వీల్లేదు. వచ్చినవాళ్ళు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళాలి కదా."

"అమ్మా, ఒక్కటే పాట! చిన్నది!" పిడుగు బతిమాలింది.

"ఎంత చిన్నది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"భోజనాల ముందు మొదలెడితే," అన్నాడు అతను గొంతు సవరించుకుని, "భోజనాలయ్యేసరికి సగం అయిపోతుంది ఆంటీ."