వరసలో నిలబడ్డ బూజు

ఆ డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ రుమాలుగారనేవారు. హత్య జరిగిన గదికి వెళ్ళినా, దొంగ దూరిన సందుకి వెళ్ళినా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోనిదే ఆయన అడుగు ముందుకు వెయ్యరు.

"ఇంత సున్నితమైన కడుపు పెట్టుకుని ఈ పనిలోకెందుకొచ్చావు మావయ్యా?" అని ఆయనకి సహాయకురాలిగా పనిచేసే మేనకోడలు ఒకసారి అడిగింది.

"అసహ్యం వేసిన చోట అందరూ తల తిప్పుకుంటారు. అందుకే దాచాల్సినవి అక్కడే దాస్తారు," అన్నారాయన. ఆ మాట ఆమె ఇప్పటికీ స్నేహితురాళ్ళకి చెబుతూ ఉంటుంది.

ఆ ఉదయం వచ్చిన డాక్టరమ్మ కుర్చీ అంచు మీదే కూర్చుంది. పెద్దాసుపత్రిలో రోగనిరోధక శక్తి మీద పరిశోధన చేస్తుంది. ఒంట్లోకి ఫంగస్ చొరబడితే రక్తం దాన్ని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురుతిరగడాన్ని రక్తపు చుక్కలో పట్టే పరీక్ష ఆమె తయారుచేసింది.

"పరుపులు కుట్టే ఆయనొకరు దగ్గుతో చేరారండి. ఊపిరితిత్తుల్లో నీడ కనిపించింది. నా పరీక్షలో ఫంగస్ లేదని వచ్చింది. ల్యాబులో ఆయన కళ్ళె తీసుకుని జెల్లీ పోసిన ప్లేట్ల మీద పెంచితే మూడుసార్లూ పచ్చటి బూజు మొలిచింది. అది చూసి గట్టిమందు ఎక్కిస్తున్నారు. ఫంగస్‌ని చంపుతుంది, నిజమే. మూత్రపిండాల్ని కూడా తినేస్తుంది. కాళ్ళు పొంగిపోయాయి. మూత్రం బొట్లుబొట్లుగా పడుతోంది. రేపు మోతాదు పెంచుతారట."

"ఆపమని చెప్పలేకపోయారా?"

"నా పరీక్ష తప్పయితే ఆపినందుకు పోతాడు. ఒప్పయితే ఆపనందుకు పోతాడు. నాకే నా మీద నమ్మకం పోతోందండి. అబద్ధమాడుతున్నది నా రక్తపరీక్షో, వాళ్ళ బూజో తేల్చండి."

ల్యాబు మెట్ల దగ్గరే వాసన గుప్పుమంది. వాడేసిన ప్లేట్లని ఆవిరిలో ఉడికించే యంత్రం పాడైపోయి, చెత్త డ్రమ్ములు వసారాలో పొంగిపొర్లుతున్నాయి. రుమాలుగారు రుమాలుని ఇంకో మడత వేశారు.

లోపల ఆ ల్యాబుకి పెద్దగా ఉన్నాయన బల్ల ముందు కూర్చుని కమలాపండు వలుస్తున్నాడు. కుడిచేతి గోటితో తొన మీది నార గీకి, ఆ గోటిని చప్పరించి, తొక్కల్ని సొరుగులోకి తోశాడు. అప్పటికే నిండిపోయిన సొరుగు సగంలో ఆగింది. మేనకోడలు చూపు తిప్పుకుంది.

"రక్తపు చుక్కలో జాతకాలు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారండీ ఈమధ్య," అన్నాడతను డాక్టరమ్మ వైపు చూడకుండానే. "కళ్ళెదుట బూజు మొలిచాక ఇంకా సోదెందుకు? నేనీ కుర్చీలో కూర్చునేనాటికి ఈవిడ పలక మీద అక్షరాలు దిద్దుతూ ఉంటుంది."

"ఆ ప్లేట్లు ఒకసారి చూడొచ్చా?"

"భేషుగ్గా! దాపరికమేముంది?"

ప్లేట్లు గీసే అమ్మాయి మూడింటినీ తెచ్చి వరసగా పెట్టింది. పని ఎలా చేస్తారో చూపించమంటే ఎడంచేత్తో పుల్ల అందుకుంది.

"కళ్ళెలో పుల్ల ముంచి జెల్లీ మీద ఇలా మెలికలుగా గీస్తామండి. కళ్ళెలో ఏముంటే అది ఆ గీత మీదే మొలవాలి. నాది పుర్రచెయ్యి కదా, గీతలన్నీ ఎడమకి వాలతాయి. చూడగానే నావని తెలిసిపోతాయి."

రుమాలుగారు వంగి చూశారు. మొదటి ప్లేటులో పుల్ల గీసిన తెల్లటి సన్నగీతలు ఒకచోట ఉంటే, పచ్చటి బూజు చుక్కలు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. తర్వాతి రెండు ప్లేట్లలో బూజు చక్కగా వరసలు తీరింది. తెల్లగీతల్ని కోసుకుంటూ ఆ పచ్చవరసలు కుడికి వాలి ఉన్నాయి.

"ఇవి ఎంత ముచ్చటగా ఉన్నాయో!" అంది మేనకోడలు.

"మరీ ముచ్చటగా ఉన్నాయి," అన్నారాయన. "ఒక్కో కళ్ళెకి ఒక్క ప్లేటేనా అమ్మా?"

"రెండండి. ఒకటి ఒంటి వేడి ఉండే పెట్టెలో, ఇంకొకటి అంతకంటే తక్కువ వేడి ఉండే చల్లబీరువాలో పెడతాం. బీరువా తాళం సారు దగ్గరే ఉంటుంది."

"మరి వేడిపెట్టెలోవి ఏవి?"

ఆ అమ్మాయి పెద్ద వైపు చూసి తల దించుకుంది.

"పాడైపోతే నేనే పారేయించాను," అన్నాడతను ఇంకో తొన నోట్లో వేసుకుంటూ.

చల్లబీరువా తెరిపించారు. పై అరలో గీతలు పడని కొత్త ప్లేట్లున్నాయి. కింది అర తుడిచి ఖాళీగా ఉంది. మూలన పలకల సందులో మాత్రం పచ్చటి పొడి మిగిలింది. రుమాలు పక్కకి తీసి ఒక్కసారి వాసన పీల్చి, ఆయన మొహం చిట్లించారు.

"కమలాపళ్ళ వాసనలా ఉంది మావయ్యా."

"కుళ్ళిన కమలాపళ్ళది," అని ఆయన తిన్నగా వసారాలోకి నడిచి, చొక్కా చేతులు పైకి మడిచారు. "అమ్మాయ్, చేతులకి తొడుగులు తే. ఆ డ్రమ్ములు నేనే వెతుకుతాను."

రెండుసార్లు గోడవారకి పరిగెత్తి డోక్కున్నారు. రెండుసార్లూ వెనక్కి వచ్చి మోచేతుల దాకా చేతులు పెట్టారు. చీము అంటిన దూది, ఎండిన కళ్ళె డబ్బాలు, బంకబంకగా అతుక్కున్న ప్లేట్ల అడుగు నుంచి మూడు ప్లేట్లు బయటికి తీశారు. మూడింటి మీదా పరుపులాయన మంచం నంబరు ఉంది.

సాయంత్రం సూపరింటెండెంటు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. పరుపులాయన భార్య తలుపు దగ్గరే నిలబడిపోయింది. మేనకోడలు ఆమెని చెయ్యిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇవి వేడిపెట్టెలోవి," అంటూ రుమాలుగారు ప్లేట్లు బల్ల మీద పెట్టారు. "గీతలు ఉన్నాయి. బూజు మచ్చుకైనా లేదు. డాక్టరమ్మా, ఊపిరితిత్తుల్లో పెరిగే ఫంగస్‌కి ఒంటి వేడి పడదా?"

"పడకపోతే అక్కడ పెరగనే పెరగదండి. పళ్ళ మీది పచ్చబూజుకే ఆ వేడి పడదు."

"మరి ఒంటి వేడికి మొలవనిది ఆయన ఒంట్లో ఎలా బతికింది? బతకలేదు. ల్యాబులో బతికింది. ల్యాబు పెద్దగారు కమలాపళ్ళని చల్లబీరువాలో దాచుకునేవారు. అవి కుళ్ళి, ఆ పొడి మొదటి ప్లేటు మీద రాలింది. అందుకే ఆ బూజు గీతల్ని పట్టించుకోకుండా ఎక్కడపడితే అక్కడ మొలిచింది."

"ఊహలు!" అన్నాడు పెద్ద.

"మొదటిసారి తాగినవాడిలా తూలిన బూజు, రెండోసారికి బడిపిల్లల్లా వరసలో ఎలా నిలబడిందండీ? ఎవరో నిలబెట్టారు. ఎడమకి వాలిన గీతలు ఈ అమ్మాయివి. వాటి మీద కుడికి వాలిన పచ్చగీతలు కుడిచేతివి. బీరువా తాళం ఉన్న చేతివి. రక్తపరీక్ష చెప్పింది నిజమని తేలితే ల్యాబు పరువు పోతుంది. అందుకని బీరువాలో కుళ్ళినదాని బూజు తీసి ప్లేట్ల మీద గీసి, పరువు మీద పూసుకున్నారు."

పెద్ద లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "మొదటిది నేను కావాలని చెయ్యలేదు!"

తన నోటి నుంచి ఏం జారిందో అతనికి ఆలస్యంగా తెలిసింది. మెల్లగా కూర్చుని, గోళ్ళకింద పేరుకున్న కమలాపండు పసుపుని చూసుకున్నాడు.

"ఇంతమందిలో ఈ డాక్టరమ్మ ముందు తప్పొప్పుకోమంటారా?" అన్నాడు సూపరింటెండెంటుతో. "నా పేరేం కావాలి?"

పరుపులాయన భార్య కుర్చీలోంచి లేచింది.

"మొదటి రోజే తప్పయిందని ఒక్క మాట అనుంటే మిమ్మల్ని ఎవరేం చేసేవాళ్ళు బాబూ?" అంది. "మహా అయితే నవ్వేవాళ్ళు. దానికి మా ఆయన్ని చంపుతారా?"

సూపరింటెండెంటు ఫోను తీసి, మందు వెంటనే ఆపమన్నాడు. డాక్టరమ్మ అప్పటికే వార్డు వైపు పరిగెడుతోంది.

మెట్లు దిగుతూ రుమాలుగారు ఉమ్మేశారు. "డ్రమ్ముల్లో వాసన నయం అమ్మాయ్. అది కడిగితే పోతుంది."

పరుపులాయన ఊపిరితిత్తుల్లో ఉన్నది పాత దూది దుమ్ముకి వచ్చిన వాపని డాక్టరమ్మ తేల్చింది. దానికి వేరే మందు ఉంది. మూత్రపిండాల సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. కొన్నాళ్ళకి మావయ్యా మేనకోడలూ వార్డుకి వెళ్ళారు. ఫినాయిల్ వాసనకి గుమ్మంలోనే రుమాలు ముక్కు మీదికి లేచింది.

పరుపులాయన భార్య ఎదురు పరిగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో మంచం కింద పెట్టే మూత్రం సీసా ఉంది. దాన్ని వెలుతురుకి ఎత్తి ఆయన మొహానికి దగ్గరగా పెట్టింది.

"చూడండి బాబూ! పొద్దున్నుంచీ ఎంత పోశాడో! సగానికి పైగా నిండింది!"

మేనకోడలు భయంగా మావయ్య వైపు చూసింది. రుమాలుగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ సీసాని తేరిపార చూశారు.

"రంగు కూడా బాగుందమ్మా," అన్నారు.