వరసగా పద్నాలుగు

"పదకొండు మంది," అన్నాడు చీఫ్. "అందరూ మనవాళ్ళే. సరిహద్దు అవతల మారుపేర్లతో ఉన్నారు. ఆ లిస్టు నిన్న శత్రువు చేతికి చిక్కింది."

ఎదురు కుర్చీలో ఎక్కం ఉన్నాడు. అతని అసలు పేరు డిపార్టుమెంటు ఎప్పుడో మర్చిపోయింది. లెక్కలన్నీ నోటితోనే కట్టేస్తాడని అందరూ ఎక్కం అనే పిలుస్తారు. ఆ పదకొండు మందిలో ఒకడు అతని సొంత తమ్ముడు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

"లిస్టు కోడ్‌లో ఉంది. దాన్ని విప్పే నంబర్ ఈ మధ్యాహ్నం సరిగ్గా నాలుగింటికి చెస్ హాల్ నుంచి వెళ్తుంది. అక్కడ ఎనిమిది టేబుళ్ళు. ఒక్కో టేబుల్ మీద రెండు కంప్యూటర్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఆడతాయి, ఒక్కో ఆట క్షణాల్లో అయిపోతుంది. ఫలితాలు అప్పటికప్పుడు నెట్‌లో ప్రపంచమంతా కనిపిస్తాయి. ఒకటి గెలిస్తే చుక్క, రెండోది గెలిస్తే గీత. డ్రాలు లెక్కలోకి రావు."

"ఒక టేబుల్ ఫలితాలు దొంగవన్నమాట."

"అది ఏదో పట్టుకో." చీఫ్ సొరుగులోంచి ఒక స్క్రూడ్రైవర్ తీశాడు. "పిడి నొక్కితే ఎదురుగా ఉన్న యంత్రం మాడిపోతుంది. ఒక్కసారే పనిచేస్తుంది. రెండో ఛాన్సు లేదు."

మూడున్నరకి ఏసీ మెకానిక్ ఒకడు భుజాన నిచ్చెనతో హాల్లోకి వచ్చాడు. నూనె మరకల చొక్కా, మూడు రోజుల గడ్డం. వేదిక మీద ఎర్రకోటు వేసుకున్న ఆవిడ మైకులో ఆట వివరిస్తోంది. చూడవచ్చిన వాళ్ళలో సగం మంది ఆటని వదిలేసి ఆవిణ్ణే చూస్తున్నారు. మూడేళ్ళుగా శత్రువు ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తున్న ఏజెంట్ ఆవిడే.

ఆవిడ మైకు కట్టేసి నిచ్చెన దగ్గరికి వచ్చింది. "ఏసీ ఎప్పటికి చల్లబడుతుంది?"

"బయట ఎండ తగ్గాక, మేడమ్."

కోడ్ సరిపోయింది. ఆవిడ గొంతు తగ్గించింది. "నాలుగో టేబుల్. పొద్దున వరసగా పద్నాలుగు ఆటలు ఒకటే గెలిచింది. రెండూ సమవుజ్జీలు. ఎక్కడైనా జరిగే పనేనా?"

"విన్నాను," అన్నాడు చీఫ్, ఎక్కం చెవిలోని ఇయర్‌ఫోన్‌లో. "పదహారు వేలకి ఒక్క ఛాన్సు. నాలుగే. కానియ్."

ఎక్కం నిచ్చెన ఎక్కి, ఏసీ మూత విప్పుతున్నట్టు నటిస్తూ చేతిలోని మీటరు చూశాడు. ప్రతి టేబుల్ ఫలితాలూ అందులోకి వచ్చి పడుతున్నాయి. టైము మూడూ నలభై ఎనిమిది.

పదహారు వేలకి ఒకటి. నిజమే, పద్నాలుగు ఆటలే ఆడి ఉంటే. కానీ ఒక్కో టేబుల్ అయిదు వేలు ఆడింది. మొత్తం నలభై వేలు. అన్ని ఆటల్లో అలాంటి వరస రెండు మూడుసార్లు రావాలి. అసలు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మరి దొంగ ఎవరు?

అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నాన్న వాడికి వంద సార్లు బొమ్మా బొరుసూ వేసి రాసుకు రమ్మని పని పెట్టాడు. ఆ గడుగ్గాయి నాణెం ముట్టుకోకుండా అయిదు నిమిషాల్లో కాగితం నింపేశాడు. నిజం నాణెంలాగే ఉండాలని నాలుగు బొమ్మలు ఎక్కడా వరసగా పడనివ్వలేదు. అన్న ఒక్క చూపులో పట్టేశాడు గానీ నాన్నకి చెప్పలేదు.

ఎక్కం గబగబా మీటరు తిప్పాడు. ఏడో టేబుల్. అయిదు వేల ఆటల్లో అన్నిటికన్నా పొడుగు వరస అయిదు. ఆరూ ఆపైన వరసలు సుమారు డెబ్బై ఎనిమిది ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి లేదు.

"సార్, ఏడో టేబుల్."

"పిచ్చా? అది పొద్దుట్నుంచీ బుద్ధిగా ఆడుతోంది!"

"అదే దాని తప్పు సార్. ఇంత బుద్ధిగా అదృష్టం ఎప్పుడూ ఆడదు."

"పొరపాటైతే?"

"నా తమ్ముడు పోతాడు."

మూడూ యాభై తొమ్మిది. స్క్రూడ్రైవర్ ఏడు వైపు తిరిగింది. కింద సెంటు వాసన గుప్పుమంది. ఎర్రకోటు చేతిలో లిప్‌స్టిక్ ఉంది, దానికి సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

"నాలుగని చెప్పాను కదా," అంది చల్లగా. "దిగు."

అంటే మూడేళ్ళుగా ఈవిడ కబుర్లు చేరవేస్తున్నది మనకి కాదు, శత్రువుకి. ఎక్కం దిగలేదు. కాళ్ళతో గోడని బలంగా తన్నాడు. నిచ్చెన ఒరిగింది, తూటా ఏసీని చీల్చింది, అతను పడుతూ పడుతూనే పిడి నొక్కాడు. ఏడో టేబుల్ తెర నల్లబడింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. నాలుగో టేబుల్ మాత్రం ఏమీ పట్టనట్టు ఆడుకుంటూ ఒక ఆట ఓడిపోయింది.

తూటా మోతకి పరుగున వచ్చిన గార్డులు చేతులు వెనక్కి విరిచి పట్టుకుంటే, ఎర్రకోటు నేల మీద కూలబడిన మెకానిక్‌ని చూసింది. "అనుమానం రాకూడదని అయిదు దాటనివ్వలేదు. ఎంత జాగ్రత్తపడ్డామో!"

"అందుకే దొరికారు," అన్నాడు ఎక్కం నడుం పట్టుకుని.

వారం తర్వాత ఫోన్ మోగింది. "అన్నయ్యా, క్షేమంగా వచ్చేశాను. అసలు ఎలా పట్టావు?"

ఎక్కానికి కళ్ళు తుడుచుకోవడానికి కొంత సేపు పట్టింది. "నీ బొమ్మా బొరుసూ కాగితం గుర్తుందిరా?"

పదకొండేళ్ళు శత్రువుల మధ్య తిరిగి ఒక్కసారీ తడబడని మనిషి గొంతు తడబడింది.

"నాన్నకి చెప్పలేదు కదా?"