నెత్తిన మోసిన పెళ్లి

“అయ్యో ప్రభువా... మళ్లీ అదే మాట!”

ప్రసన్నకుమారి రెండు చేతులతో తల పట్టుకుంది. పొద్దున్న కంప్యూటర్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. మానిటర్ వైరును, తెర మీదికి బొమ్మ తెచ్చే గ్రాఫిక్స్ కార్డు నుంచి తీసి, కింద ఉన్న ఇంకో రంధ్రంలో పెడితే వెలిగింది గాని, బొమ్మలన్నీ పెద్దపెద్దగా, మసకమసకగా కనిపించాయి. వీడియోలు కత్తిరించి అతికే సాఫ్ట్‌వేర్ తెరవబోతే మధ్యలో చిన్న తెల్లటి గడి... గ్రాఫిక్స్ కార్డు కనబడటం లేదట! కార్డును నడిపించే డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. నాలుగుసార్లు ఆపి మళ్లీ వేసింది. ఊహూఁ!

సాయంత్రానికి పెళ్లి వీడియో ఏలూరు చేరాలి. పెళ్లయిన కొత్తలో ఏలూరు స్టూడియోలో పని మానేస్తానంటే, యజమాని తాతాజీగారే “ఇంటి దగ్గర చేసిపెట్టండమ్మా” అని పని పంపడం మొదలుపెట్టారు. కలిదిండి దాటి కొల్లేటి వైపున్న ఈ ఊళ్లో, వంట చేసుకుంటూ చదువుకున్న విద్యను నిలబెట్టుకోగలగడం ఆమెకెంత గర్వం! కానీ తల్లికి కంటి ఆపరేషనని పెంటపాడు వెళ్లి పదిరోజులుండిపోయింది. ఈలోగా కొల్లేరు పొంగి దారులు మూసుకుపోయాయి. నిన్ననే తిరిగొచ్చింది. తాతాజీగారు ఫోన్లో మెత్తగానే అన్నారు గాని ఆ మాట గుండెలో గుచ్చుకుంది. “రేపు మనస్వి అనే ఆ అమ్మాయి రిసెప్షనమ్మా. ఇది గాని ఆలస్యమైతే ఇక ఇంటికి పని పంపలేనండీ...” కెమెరాల్లోవి ఎప్పుడో చెరిపేశారు. ఆ పెళ్లి ఇప్పుడు ఈ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు!

కంప్యూటర్ అమ్మిన వట్లూరు అహరోనుగారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, “కార్డు చెడిపోయి ఉండదమ్మా. మిషన్ని ఎవరన్నా గట్టిగా కదిపారేంటండీ?” అన్నాడు.

“లేదండీ... ఎవరు కదుపుతారు?”

గుమ్మంలో మునగాకు దూస్తున్న అత్తగారు రూతమ్మ చేతులు టక్కున ఆగిపోయాయి. ప్రసన్న అది చూసింది.

“అత్తయ్యా! మీరు గాని దీన్ని ముట్టుకున్నారా?”

రూతమ్మ తల ఎత్తలేదు. “తుడిచానేమోనమ్మా...”

“ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను! ఒకసారి తడిగుడ్డ పెట్టి తుడిచారు, అప్పుడే దణ్ణం పెట్టి చెప్పానా లేదా? నా పనంటే మీకు అంత తేలికైపోయిందా అత్తయ్యా? ఈ ఒక్క పనీ పోతే ఇక నేనేం చెయ్యాలి...”

ఆ పెద్దావిడ లేచింది. మునగాకు చేట తీసుకుని, మెడ ఒక పక్కకి వంచుకుని, మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోయింది. అలా ఏమీ అనకుండా వెళ్లిపోవడమే ప్రసన్నను మరీ కోసేసింది. అరిచాకే తెలుస్తుంది గదా, మన నోటికి ఎంత పదునుందో!

“ప్లగ్గు తీసేసి, పెట్టె పక్క తలుపు విప్పి చూడండమ్మా” అన్నాడు ఇంకా ఫోన్లోనే ఉన్న అహరోను. వైర్లు తీద్దామని ప్రసన్న మానిటర్‌ను పక్కకి జరిపింది. అంతే, చెయ్యి ఆగిపోయింది.

గోడ మీద బురద గీత! ఇంట్లో గోడలన్నీ రూతమ్మ కడిగి సున్నం వేసింది గాని, మానిటర్ చాటున మాత్రం బ్రష్షు ఆనలేదు. ఆ గీత బల్లకంటే జానెడు ఎత్తున ఉంది. నీళ్లు గడపదాకా వచ్చి పోయాయనే గదా అత్తయ్య ఫోన్లో చెప్పింది! బల్లే మునిగితే... బల్ల మీది పెట్టె పొడిగా ఎలా ఉంది?

ప్రసన్న వంటింటి గుమ్మంలో నిలబడింది. “అత్తయ్యా... నిజం చెప్పండి. నీళ్లొచ్చిన రోజు ఏం జరిగింది?”

“నువ్వు కంగారు పడతావని చెప్పలేదమ్మా” అంది రూతమ్మ, పొయ్యి వైపే చూస్తూ. “మీ ఆయన మూడ్రోజులు చేపల చెరువుగట్టు మీదే ఉన్నాడు గదా. ఇంట్లోకి నీళ్లు మోకాళ్లలోతు వచ్చాక భయమేసింది. వైర్లకి రంగురంగుల దారాలు కట్టి, రంధ్రాల పక్కన కూడా అవే అంటించుకున్నా, మళ్లీ ఎక్కడివక్కడే పెట్టాలని. పెట్టాక పీకేశాలే. ముందు ఆ టీవీలాంటిదాన్ని ఎదురింటి పాండురంగారావుగారి మేడ మీద పెట్టొచ్చా. తర్వాత నీ పెట్టెకి చేపల మేత సంచి చుట్టి, పడుకోబెట్టి నెత్తిన పెట్టుకున్నా. వానలో ఒకచోట కాలు జారిందిగాని, పెట్టె వదల్లేదమ్మా! మూడోసారి నా ట్రంకుపెట్టె కోసం దిగబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు.”

ఆ ట్రంకుపెట్టెలో ఏముందో ప్రసన్నకు తెలుసు. రూతమ్మ పెళ్లినాటి తెల్లచీర... పోయినప్పుడు కట్టి పంపమని దాచుకున్న చీర!

“మీ చీర వదిలేసి నా పెట్టె మోశారా అత్తయ్యా...”

“అదేంటమ్మా! ఎవరిదో పెళ్లి దీంట్లోనే ఉందన్నావు గదా. చీరంటే మళ్లీ కొనుక్కోవచ్చు. వాళ్లు పెళ్లి మళ్లీ చేసుకోలేరుగా!”

ప్రసన్న అత్తగారి తడిచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. “చాల్లే, ఊరుకో. పొద్దెక్కిపోతోంది. నన్ను తిట్టడం అయిపోతే ఆ తలుపేదో విప్పు” అంది రూతమ్మ, కోడలి తల నిమురుతూ.

ఇద్దరూ పెట్టె ముందు కూర్చున్నారు. రూతమ్మ టార్చి పట్టింది. పక్క తలుపు తీయగానే కనబడింది... బరువైన కార్డు తన గాడిలోంచి ఒక చివర పైకి లేచి వేలాడుతోంది! దాన్ని పెట్టెకు బిగించే స్క్రూ లేదు. ఎక్కడ పోయిందా అని వెతకబోయి ప్రసన్న ఆగిపోయింది. వేసవిలో దుమ్ము దులపడానికి కార్డు తీసింది తనే. ‘తర్వాత బిగిద్దాంలే’ అని స్క్రూ అటక మీది పౌడరు డబ్బా మూతలో పడేసిందీ తనే! స్క్రూ ఉంటే ఎంత మోసినా కార్డు కదిలేది కాదు.

“తప్పు నాదే అత్తయ్యా. మిమ్మల్ని అన్యాయంగా అన్నాను.”

“సరేలే, రెండు అట్లు వేసిపెడుదువుగాని” అని నవ్వింది రూతమ్మ.

మెత్తటి బ్రష్షుతో గాడి దులిపి, ప్రసన్న కార్డును రెండు వైపులా సమంగా నొక్కింది. టక్! అటక మీది స్క్రూ తెచ్చి బిగించింది. కరెంటు వైరు గుచ్చి, మానిటర్ వైరు కార్డుకే పెట్టి, కళ్లు మూసుకుని మీట నొక్కింది. తెర తళుక్కుమంది... సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది! పీటల మీద మనస్వి కిలకిల నవ్వుతోంది.

“అమ్మో, ఇంత పెళ్లా! బాజాలతో సహా నేనే మోశానా? అందుకే మెడ ఇలా పట్టేసింది!”

ప్రసన్న ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. మధ్యాహ్నానికి పని ముగించి, భర్త సాల్మన్‌కు డిస్కు ఇచ్చి ఏలూరు బస్సెక్కించింది. తర్వాత కొబ్బరినూనె వెచ్చచేసి అత్తగారి మెడకు రాస్తూ కూర్చుంది. పొద్దు వాలుతుండగా తాతాజీగారి ఫోన్ వస్తే స్పీకర్లో పెట్టింది.

“చాలా బాగా చేశారమ్మా. వచ్చేవారం ఇంకోటి పంపిస్తాను. అన్నట్టు, చివర్లో ఎడిటింగు కింద మీ పేరుంది, సరే. దాని కింద రూతమ్మగారని వేశారు... ఎవరండీ ఆవిడ? ఏం చేశారు?”

“తీసేయమనవే తల్లీ, సిగ్గులేకపోతే సరి!” అని రూతమ్మ చీరకొంగుతో మొహం కప్పుకుంది.

ప్రసన్న ఆ ముడతలుపడిన మెడ మీద నుంచి చెయ్యి తీయలేదు.

“మా అత్తయ్యగారండీ. పెళ్లిని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చారు.”