మూడు మడతల లెక్క

సుంపాంగోలో గాలిపటాల పండక్కి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పొద్దున్నే ఫావుస్తో వరండాలో పల్చటి రంగు కాగితాలు పరిచి జిగురు రాస్తున్నాడు. నిరుడు తన జట్టుకి రెండో బహుమతి వచ్చిందన్న మంట అతనికి ఇంకా చల్లారలేదు. లోపల భార్య ఓతీలియా పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతోంది. కూతురు డెల్మీ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"పక్కపిల్ల పేపరు చూసి రాసేదానికి చదువెందుకే?" అన్నాడు ఫావుస్తో.

డెల్మీ పెన్సిలు విసిరికొట్టింది. "నేను కాపీ కొట్టలేదు!"

"టీచరు రాసి పంపింది. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయట, లెక్క చేసిన జాడే లేదట. ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"నన్నడిగావా? కాపీ కొట్టిందని ఒప్పుకుంటూ ఆ కాగితం మీద సంతకం పెట్టేశావు. ఇవాళ అది బడికి చేరిందంటే ఏడాదంతా మళ్లీ చదవాలి నేను!"

"చదువు. ఊళ్లో నా పరువు తీశావు."

డెల్మీ విసురుగా లేచి వచ్చి, ఎర్ర కాగితం ఒకటి లాగింది.

"ఏయ్, అది పటానిది!"

ఆమె వినలేదు. మూడుసార్లు మడిచి, కొస కత్తిరించి, విప్పింది. ఎనిమిది మూలల బొమ్మ వచ్చింది.

"ఇదెవరు నేర్పారు? పరీక్షలో దీని మూల కోణమే అడిగారు. నడిమి కోణం నలభై అయిదు. నూట ఎనభైలోంచి తీసేస్తే మూలకి నూట ముప్పై అయిదు. ఇంకో లెక్కలో పదకొండు మంది ఎత్తులిచ్చి మధ్యగతం అడిగారు. పటం ఎగరేసేటప్పుడు నడిమి తాడు ఎవరికివ్వాలో నువ్వెలా తేలుస్తావు? మీ జట్టు పదకొండు మందినీ పొట్టి నుంచి పొడుగుకి నిలబెట్టి ఆరోవాణ్ణి పిలుస్తావు. నేనూ మనసులో అంతే చేశాను. నువ్వెప్పుడైనా కాగితం మీద రాసి చూపించావా, నేను రాయడానికి?"

"ఆరేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పింది నువ్వే కదయ్యా," అంది ఓతీలియా, పెనం దించేసి.

ఫావుస్తో బల్ల మీదున్న టీచరు కాగితం వంక చూశాడు. కింద వంకరటింకరగా తన సంతకం ఉంది.

"నాకు రాయడం వచ్చిందల్లా నా పేరొక్కటే," అన్నాడు. "అదీ నీ మీదే రాశాను."

కాగితాన్ని నిలువునా చింపేశాడు. "పద బడికి. ఆ టీచరమ్మ ముందు మడిచి చూపిద్దువు గాని."

డెల్మీ కదల్లేదు. కళ్లు తుడుచుకోలేదు కూడా. "ముందు నన్నడుగు."

అతను జిగురు చేతుల్ని చొక్కాకి తుడుచుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వే చేశావా, తల్లీ?"

"నేనే చేశాను, నాన్నా."

ఫావుస్తో పటం కోసం దాచిన ఎర్ర కాగితాలన్నీ చంకలో పెట్టుకుని గుమ్మం దాటాడు.