పంచదారలో వేలు

కుటుంబ ప్రార్థనలో వాక్యం తనచేతే చదివిస్తారని తెలిసుంటే, సాలమోను ఆ రోజు అక్కతో కలిసి ముక్తేశ్వరంలో ఆ గుమ్మం ఎక్కేవాడే కాదు.

“సంబంధం మాట్లాడుకునే ముందు అబ్బాయి చదవడం మా ఇంటి ఆనవాయితీ. రెండు వచనాలు చదవండి బాబూ,” అంటూ రిటైర్డ్ హెడ్మాస్టరు సత్యానందంగారు బైబిలు తెరిచి అతని ఒళ్ళో పెట్టారు.

బయట వాన. లోపల సాలమోనుకి చెమటలు. కువైట్‌లో ఏసీలు బాగుచేసి వచ్చాడన్న మాటేగానీ, చిన్నప్పటినుంచీ అక్షరాలు అతని కళ్ళముందు కుదురుగా నిలబడవు. ఆ సంగతి ఎదురుగా కూర్చున్న ఆయన కూతురు బిందుకి తెలీదు. తెలిస్తే టీచరమ్మ తనని చేసుకుంటుందా?

ఆమెతో పరిచయమే పోట్లాటతో మొదలైంది. మేనకోడలిని బడినుంచి తీసుకెళ్ళడానికి వచ్చి, “పిల్లలచేత బియ్యప్పిండిలో ఆటలేంటండీ?” అన్నాడు.

“ఆటలు కావండీ. వేలితో రాస్తూ, పైకి పలుకుతూ, చెవితో వింటే అక్షరం గుర్తుండిపోద్ది. కూర్చుని చూడండి.”

చూశాడు. రోజూ చూశాడు. టీచరుకోసమే వస్తున్నాడని బడంతా నవ్వుకుంది. అదీ నిజమే. కానీ ఇంటికెళ్ళాక పిండి పళ్ళెంలో పాపతోపాటు తనూ వేలు కదిపేవాడు.

“సిగ్గా? చదవండి,” అంది బిందు నవ్వుతూ.

అక్షరాలు అటూ ఇటూ కదిలాయి. పక్కనే పూతరేకుల పళ్ళెంలో రాలిన పంచదార పొడి. వేలు దానంతటదే అందులోకి వెళ్ళింది. ఒక్కో అక్షరమే రాస్తూ, పలుకుతూ, మొదటి మాట కూడబలుక్కున్నాడు.

“పూతరేకులు బాగాలేవా బాబూ?” అన్నారు బిందు వాళ్ళమ్మగారు కంగారుగా.

బిందు నవ్వు ఆగిపోయింది. అది తన క్లాసు పద్ధతి.

“నాకు చదవడం రాదండీ,” తల దించుకునే చెప్పేశాడు సాలమోను. “బిందుగారు కాదంటారని భయమేసి దాచేనండీ. పాప పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను.”

బిందు లేచింది. వెళ్ళిపోతోందని అతని ప్రాణం ఉసూరుమంది.

ఆమె వచ్చి పక్కనే కూర్చుంది. పంచదారని చేత్తో చదును చేసింది.

“రెండో మాట రాయండి.”

“ఇక్కడేనాండీ?”

“ఆయ్, ఇక్కడే. ఇన్నాళ్ళూ నాకోసమే వస్తున్నారని తెగ మురిసిపోయేను.”

“మీకోసం కూడానండీ.”

సత్యానందంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఏమంటారోనని సాలమోను తలెత్తి చూశాడు.

“నిదానంగా చదవండి అల్లుడుగారూ,” అన్నారాయన. “మాకేం తొందర్లేదు.”